మచ్చుకు తెచ్చిన దుర్బీను

నా చిన్నప్పుడు నాకు నిలకడ అనేది లేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే ఉరకాలి. ఈ పిల్ల కాళ్ళకు చక్రాలున్నాయని మెట్‌పల్లిలో మా వాడంతా అనేది. అలాంటిదాన్ని, చందమామ మీద గుంటలున్నాయని బడిలో మా సారు చెప్పిన రోజునుంచి ఇక ఆగలేకపోయాను. ఆ గుంటలు నా కళ్ళతో నేను చూడాలి. అందుకు దుర్బీను కావాలి. ఆడపిల్లకు దుర్బీనెందుకని అవ్వ సణిగింది. పసుపు అమ్ముడుపోయాక చూద్దామన్నాడు బాపు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త.

పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, అమ్మేదాకా నేను పడ్డ ఆరాటం దేవుడికే తెలియాలి. ఎండాయో లేదోనని పొద్దునా మాపూ కొమ్ములు విరిచి చూసి తిట్లు తిన్నాను. చివరికి ఒకనాడు బాపు నన్ను పాతసామాన్ల దుకాణానికి తీసుకుపోయాడు. తోడుగా పక్కింటి చాచా వచ్చాడు. ఆయనది చౌరస్తా దగ్గర గాజుల దుకాణం.

అక్కడున్నవి రెండే దుర్బీన్లు. ఒకటి ఇత్తడిది, లాగితే మూరెడు పొడుగు సాగుతుంది. రెండోది పొట్టిది, రెండు కళ్ళకూ పెట్టుకునేది, నల్లతోలు అక్కడక్కడ ఊడిపోయింది. ధర రెండింటికీ ఒకటే. పసుపు పండించే మా ఇళ్ళల్లో పొడుగాటి కొమ్ముకే విలువ. నేను మరో ఆలోచన లేకుండా ఇత్తడిదాన్ని పట్టుకున్నాను. దీంతో చుక్కలు చేతికందుతాయని దుకాణందారు అరచేతిలో వైకుంఠం చూపించాడు.

బాపు కొనగలిగింది ఒక్కటే. మళ్ళీ కొనాలంటే ఇంకో పంట రావాలి, అదీ పండితే.

"మచ్చు సూడకుంట ఎవలన్న పసుపు కొంటరా అన్నా? గిది గూడ గంతే," అన్నాడు చాచా.

మచ్చు అంటే బేరం తేలకముందు సరుకు ఎలా ఉందో చూసుకోవడానికి తీసే గుప్పెడు. బాపు నవ్వి ఒప్పుకున్నాడు. దుకాణందారు చాచాకు తెలిసినవాడు కాబట్టి రెండూ ఇచ్చి పంపాడు. తెల్లారి ఒకటి తిరిగి ఇచ్చేయాలి.

ఆ సాయంత్రం రంజాన్ పండుగ నెలవంక కోసం చాచా వాళ్ళ డాబా మీద వాడంతా చేరింది. అందరికన్నా ముందు నేనే చూపిస్తానని బడి పిల్లలకు అప్పటికే చాటింపు వేసి ఉన్నాను. కానీ పొద్దు పూర్తిగా గూకేదాకా చాచా దుర్బీన్లను ముట్టనివ్వలేదు. అందులోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయని రెండింటినీ చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పిట్టగోడ వెంట ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను.

చేతికి రాగానే ఇత్తడిదాన్ని సర్రున లాగి కంటికి పెట్టుకున్నాను. ఏముంది, ఆకాశం గంతులేసింది. ఒక కొమ్మ వచ్చింది, పోయింది. ఒక కాకి రెక్క వచ్చింది, పోయింది. కనిపించేదే రూపాయి బిళ్ళంత జాగా, చేయి ఏ కాస్త కదిలినా అదీ జారిపోయేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఏదే, ఏదే అని పిల్లలు వెనకనుంచి నా గౌను గుంజుతున్నారు. ఆ నెలవంక ఉండేదే కాసేపు. అది కూడా గూకిపోతే నా పరువూ పోయినట్టే. ఏడుపొచ్చింది, దాంతో చేతులు ఇంకా వణికాయి.

చాచా దాన్ని మెల్లగా తీసుకుని పొట్టిది నా చేతికిచ్చాడు. మోచేతులు గోడకు ఆనించమన్నాడు. కట్టెల్లా బిగుసుకున్న నా చేతులు చూసి, గాజులు ఎక్కించేటప్పుడు పట్టుకున్నట్టే మణికట్టు పట్టుకున్నాడు.

"గాజులేసుకునేటప్పుడు చెయ్యి ఎట్ల ఇడుస్తవు బిడ్డా? గట్లనే ఇడువు. ఫికర్ జేయకు. జర ఊపిరి ఇడిచి సూడు."

బిగబట్టిన చేతికి గాజు ఎక్కదు, చిట్లుతుంది. ఆయన దుకాణంలో నా చేతికి చిట్లిన గాజులు తక్కువేం కాదు. ఊపిరి విడిచాను. చేతులు గోడ మీద వాలాయి. పొట్టిదాంట్లో ఆకాశం వెడల్పుగా ఉంది, పైగా నిలబడింది. చెట్ల పైన ఎర్రదనం, ఆ పైన కత్తిరించిన గోరంత సన్నగా నెలవంక.

అగో, అన్నాను. గట్టిగా కూడా అనలేదు. వాడంతా అటు తిరిగింది. చాచాకు చూపిద్దామని తల తిప్పితే ఆయన వెతకడం లేదు. ఉత్త కళ్ళతో సరిగ్గా అటే చూస్తున్నాడు. నీకు ముందే కనిపించిందా అని అడిగాను.

"ఎప్పుడో కనబడ్డది బిడ్డా. నువ్వు సూస్తవని ఆగిన," అన్నాడు.

నెలంతా ఉపవాసమున్న మనిషి, పండుగ కబురును పెదవి దాటనీయకుండా నా కోసం ఆగాడు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, కానీ ఇది వేరే ఏడుపు.

తెల్లారి ఇత్తడిదాన్ని తిరిగి ఇచ్చేశాం. వారం తిరిగేసరికి సగం చందమామ అంచున గుంటలు కనిపించాయి. అవ్వ కూడా చూసింది, మళ్ళీ సణగలేదు.

ఇప్పుడు నా మనవరాలు దుర్బీను కావాలని పట్టుపట్టింది. ఫోనులో అన్నిటికన్నా పొడుగుదాని బొమ్మ చూపిస్తుంది. ముందు మచ్చుకు చూద్దామని ఎవరిదో ఒకటి అడిగి తెచ్చి, పిల్లను డాబా మీదికి తీసుకుపోతాను. దాని కాళ్ళకూ చక్రాలే. నెలవంక నాకు ముందే కనబడుతుంది. అదిగో అనడానికి నాలుక దురద పెడుతుంది, నా తొందర ఈ వయసులోనూ పోలేదు మరి. అయినా ఊపిరి విడిచి, చేతులు వదులు చేసుకుని, ఆగుతాను.