అత్తారింటికి ట్యూబులైట్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో నన్ను ట్యూబులైటు అనేవారు (జోకు నాకు అర్థమయ్యేసరికి చెప్పినవాళ్ళు భోజనం ముగించి చేతులు కడుక్కునేవారు). అలాంటివాడికి దొరికిన తొలి ఉద్యోగమూ అదే జాతిది. లాడ్జీలు, దుకాణాలు, రైసుమిల్లులు తిరిగి పాడైన ట్యూబులైట్లు, బ్యాటరీలు, కంప్యూటర్లు సేకరించడం. వాటిలోని పాదరసం, సీసం మట్టిలో కలవకుండా అమలాపురంలోని మా షెడ్డుకి చేర్చడం. బండి రోజూ ఖాళీగానే వచ్చేది. చివరికి మేనేజరుగారు ఎంతో మర్యాదగా, "ఈ శుక్రవారమూ ఖాళీగా వస్తే, శనివారం మీరు శ్రమపడి రానక్కర్లేదండీ" అన్నారు.

ఆ శుక్రవారం నా ఆశంతా కొత్తపేటలోని ఒక కల్యాణమండపం మీదే. దాని యజమానురాలిని అందరూ పిన్నిగారనేవారు. వంటశాల వెనకగదిలో ఏళ్ళ తరబడి పోగుపడ్డ ట్యూబులైట్లు చూసి నా మొహం వెలిగింది. ఆవిడ పెసరట్టు పెట్టి, కాఫీ ఇచ్చి, గది తలుపు గడియ వేసేశారు.

"శుక్రవారం పూట దీపాన్ని గడప దాటించకూడదు బాబూ. రేపు రండి."

"ఇవి ఆరిపోయినవండీ పిన్నిగారూ."

"ఆరిపోతే మాత్రం? ఎన్ని పెళ్ళిళ్ళు చూసేయనుకున్నారు."

రేపటికి నా ఉద్యోగమే ఉండదని చెప్పడానికి సిగ్గేసి, నోటికొచ్చింది అనేశాను. "మీ మండపంలో శుక్రవారం పెళ్ళయితే పెళ్ళికూతుర్ని పంపరాండీ?"

ఆవిడ ఆలోచనలో పడ్డారు. "అయితే మర్యాదలు జరగాలి" అన్నారు.

జరిగాయి. ట్యూబులన్నిటినీ తుడిపించి పసుపు కుంకుమ పెట్టించారు (పాత బ్యాటరీలకీ బొట్లు పెట్టారు, తోడు వెళ్ళే పెద్దలన్నమాట). పగలకుండా మధ్యమధ్య దుప్పట్లు పరిపించారు. ముందుసీట్లో సారెబుట్ట పెట్టి, "నెమ్మదిగా తీసికెళ్ళండి" అంటే డ్రైవరు బాబాయి "ఆయ్" అని, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయేలా తోలాడు. ఒక్కటీ పగల్లేదు. మేనేజరుగారు బొట్లు చూసి, నన్ను చూసి, బుట్టలోంచి ఒక కాజా నోట్లో వేసుకుని, "రేపు పెందలాడే రండి" అన్నారు.

కొన్నాళ్ళకి పిన్నిగారు ఫోన్ చేశారు. "మావాళ్ళు అక్కడ కులాసాగా ఉన్నారా?" అప్పటికే గాజు ఒక డ్రమ్ములో, పాదరసం ఒక సీసాలో, అల్యూమినియం మూతలు ఒక బస్తాలో ఉన్నాయి.

"వేరుకాపురాలు పెట్టేసేరండీ" అన్నాను.

"ఈ కాలం పిల్లలు అంతే" అని ఆవిడ నిట్టూర్చారు.

ఇప్పుడు ఆ మేనేజరు కుర్చీలో నేనే ఉన్నాను. మొన్న మళ్ళీ ఆవిడ ఫోను. "ఎల్‌ఈడీలు పెట్టించేను బాబూ. ఎంతకీ పాడవట్లేదు. మీరు రావడమే మానేసేరు."

మర్నాడే బండి తీయించి వెళ్ళాను. పెసరట్టు తిని, సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుని, ఒళ్ళో కాజాల బుట్టతో తిరిగొచ్చాను. ఆ రోజు శుక్రవారమని, బండి ఖాళీగానే వచ్చిందని, ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ నాకు వెలగలేదు.