ఉపవాసం రోజు కండరాలు ఏం తింటాయి

మా అమ్మాయికి ఆరేళ్లు. చిలకలగూడలో మేం అద్దెకుండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. కిందటి వర్షాకాలం నుంచి తను రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుండిపోవడం మొదలుపెట్టింది. అన్ని రోజులూ కాదు. ఒక్కోరోజు నాకంటే ముందే ఎక్కేసి, తలుపు దగ్గర నిలబడి నన్ను వెక్కిరించేది. ఇంకోరోజు బడి నుంచి వస్తూ అక్కడ చతికిలబడి, "మమ్మీ, కాళ్లు అయిపోయినయ్" అనేది. నొప్పి అనేది కాదు. ఎక్కడో చూపించమంటే పిక్కలు చూపించేది. సీసాలో నీళ్లు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పేది.

నేను భయస్తురాలిని. పిల్ల తుమ్మితే థర్మామీటరు వెతుకుతాను. అందువల్ల ఇంట్లో నా భయానికి విలువ తక్కువ. "చిన్నప్పుడు నేనూ అంతే, ఎత్తుకుంటారని నాటకాలు" అన్నాడు మా ఆయన. దగ్గర్లోని పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, రక్తం బాగానే ఉందని చెప్పి విటమిన్ సిరప్ రాశాడు. కింద ఇంటి ఓనరమ్మ మాత్రం విషయాన్ని సీరియస్‌గానే తీసుకుంది.

"గింత పిల్లకు కాళ్లల్ల తాకత్ లేకపోవుడేందమ్మా? రెజిమెంటల్ బజార్ల మేక కాళ్లు దొరుకుతయ్. పాయ జేసి తాపియ్యి. నా కొడుక్కు సుత గట్లనే తాపిన. ఇప్పుడు సూడు, దున్నపోతు లెక్క తిరుగుతుండు."

మా అత్తయ్య ఆ మాట పట్టుకున్నారు. అత్తయ్యది గుంటూరు వైపు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఆయన మేక కాళ్లు తెచ్చేవాడు. పాయ మీద తేలే కొవ్వు గరిటెతో తీసేయబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకునేవారు.

"బలమంతా అందులోనే ఉంది. పారబోస్తావేంటమ్మాయ్?"

అన్నంలో నెయ్యి కూడా రెండింతలైంది. పిల్ల పాయ వాసనకే మొహం తిప్పుకునేది. ఉత్త అన్నం, అరటిపండు, బెల్లం అయితే అడిగి మరీ తినేది. మేం దాన్ని మొండితనం అనుకున్నాం.

డిగ్రీలో నేను చదివింది బీజెడ్‌సీ. కండరం ఎలా పనిచేస్తుందో బొమ్మ వేసి భాగాలు గుర్తించడం నాకు బాగా వచ్చు. కండరంలో రెండు రకాల ప్రోటీన్ పోగులుంటాయి, లావువి, సన్నవి. లావు పోగులకు చిన్న చిన్న తలలుంటాయి. ఆ తలలు సన్నపోగును పట్టుకుని లాగి, వదిలి, మరి కాస్త ముందు పట్టుకుని మళ్లీ లాగుతాయి. బావిలోంచి చేద తాడును చేతులు మార్చి మార్చి లాగుతామే, అలా. పోగులేవీ పొట్టిగా మారవు. ఒకదాని పక్కన ఒకటి జారతాయి, కండరం దగ్గరకు ముడుచుకుంటుంది. ఈ పనికి ఏటీపీ అనే ఇంధనం కావాలి. చిత్రమేమిటంటే పట్టుకున్న తల వదలాలన్నా అదే కావాలి. ఇంధనం పూర్తిగా అయిపోతే తలలు పట్టుకున్న చోటే ఉండిపోతాయి. చనిపోయిన మనిషి ఒళ్లు కొన్ని గంటలకు బిగుసుకుపోయేది అందుకే. మా లెక్చరర్ ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో, "అంటే శవానికి ఆకలైందన్నమాట సార్" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా ల్యాబులో ఒక మూల పాత డ్రమ్ము ఉండేది. దానికి పొగ పట్టించిన కాగితం చుట్టి, కప్ప పిక్క కండరానికి కరెంటు తగిలిస్తే, కండరం ముడుచుకున్నప్పుడల్లా సూది ఆ మసి మీద గీత గీసేదట. మా కాలానికి కప్పల్ని కోయడం మానేశారు. గోడకున్న చార్టు చూసి రికార్డులో దించుకున్నాం. మొదట గీతలు ఎత్తుగా, పోనుపోను పొట్టిగా, చివరికి దాదాపు నేలబారుగా ఉంటాయి. దాని కింద 'కండరాల అలసట' అని రాశాం. మెట్ల మీద పిల్ల పక్కన కూర్చున్న రోజుల్లో ఆ గీత నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా సంఘం ఆడవాళ్లు శుక్రవారాలు ఉపవాసం ఉంటారు. ఒక్కోవారం ఒక్కో ఇంట్లో చేరి ప్రార్థన చేసి, సాయంత్రం కలిసి తింటారు. మా ఇంటి వంతు వచ్చిన వారం అత్తయ్య మనవరాలి కాళ్ల కోసం ప్రార్థించమని అందరినీ అడిగారు. నేను సంతోషించాను. నా భయాన్ని ఇంకొకరు పంచుకోవడం అదే మొదటిసారి.

అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ముందురోజు రాత్రి పిల్ల అన్నం కెలికి నిద్రపోయింది. పొద్దున్నే అరగ్లాసు పాలు తాగి ఆటో ఎక్కింది. మధ్యాహ్నం వచ్చాక తిన్నావా అని నేనడిగితే "నానమ్మ పెట్టింది" అంది. నానమ్మ అడిగితే "మమ్మీ పెట్టింది" అంది. మామూలు రోజయితే ఈ అబద్ధం ఒక్క నిమిషం నిలవదు. సింకులో కంచం చూస్తే తెలిసిపోతుంది. ఉపవాసం రోజు మా ఇంట్లో మధ్యాహ్నం అనేదే ఉండదు. పిల్లకని పొద్దున వండి మూతపెట్టాక మళ్లీ పొయ్యి వెలగదు, కంచాలు దిగవు, వంటింట్లోకి ఎవరూ తొంగి చూడరు. నేను గదులు ఊడ్చి చాపలు వేస్తున్నాను. అత్తయ్య పాటలు ఎంచుతున్నారు.

ఆడవాళ్లు వచ్చారు. పాస్టరమ్మ గారు నా బిడ్డ కాళ్లకు బలం దయచేయమని కన్నీళ్లతో ప్రార్థించారు. వాళ్లతో వచ్చిన పిల్లలు డాబా మీద పరుగులాట ఆడుతున్నారు. నేను చింతపండు పులుసు పోపు పెట్టి, పులిహోర కలుపుతుండగా ఒక పాప దిగి వచ్చింది.

"ఆంటీ, మీ పాప లేస్తలేదు."

డాబా ఎక్కి చూస్తే నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఉంది. స్పృహ ఉంది. పిక్కలు ముట్టుకుంటే చెక్కల్లా ఉన్నాయి. చెయ్యి వేయగానే ఏడ్చింది. ఎత్తుకున్నాక నా చెవిలో చెప్పింది.

"మమ్మీ, నేను కూడా చేసిన."

"ఏం చేసినవ్?"

"ఉపవాసం. అందరు నా కాళ్ల కోసమే చేస్తుండ్రు గదా. నేను చెయ్యకుంటే ఎట్ల?"

బడిలో తినాల్సిన బిస్కెట్లు పక్క సీటు అమ్మాయికి ఇచ్చేసిందని తర్వాత తెలిసింది. అప్పటికప్పుడు ఎవరో బత్తాయి రసం తాగించారు. కాస్త తేరుకుని బాత్రూముకు తీసుకెళ్లమంది. మూత్రం ఫిల్టరు డికాక్షన్ రంగులో వచ్చింది. నేను కేక వేయలేదు. మా ఆయనకు ఫోన్ చేసి, ఆటో పిలిచి, రంగు చూపించడానికి ఒక డబ్బాలో కొంచెం పట్టుకుని అత్తయ్యతో బయల్దేరాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ డబ్బాను లైటుకు ఎత్తి చూసింది.

"చివరిసారి ఎప్పుడు తింది?"

మా ఆయన నన్ను చూశాడు. నేను అత్తయ్యను చూశాను.

"ఉపవాసం అండీ" అన్నారు అత్తయ్య.

"ఆరేళ్ల పిల్లా?"

"మేం ఉంచలేదమ్మా. తనే ఉంది."

"ఎందుకు?"

"కాళ్లు బాగుపడాలని."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి మళ్లీ తీసింది. సెలైన్‌లో గ్లూకోజ్ పెట్టమని నర్సుకు చెప్పి, మమ్మల్ని కూర్చోబెట్టింది.

ఆమె చెప్పింది ఇది. కండరం తనలో దాచుకునే ఇంధనం కొద్ది సెకన్లకే సరిపోతుంది. ఆ తర్వాత తన దగ్గరున్న పిండి నిల్వను కరిగించుకుంటుంది. రక్తంలో చక్కెరను తీసుకుంటుంది. ఆ చక్కెర తగ్గకుండా కాలేయం తన నిల్వలోంచి కొంత వదులుతూ ఉంటుంది. తిండి లేకుండా గంటలు గడిచేకొద్దీ ఒళ్లు కొవ్వు మీదికి మళ్లుతుంది. ఉపవాసం ఉన్నవాళ్లు సాయంత్రం దాకా నిలబడగలిగేది అందుకే. మా అమ్మాయి కండరాలకు ఆ చివరి దారి సరిగా లేదేమోనని ఆమె అనుమానం. కొవ్వు ఉంటుంది, కానీ దాన్ని కణంలోని కొలిమి దాకా మోసుకుపోయే ఏర్పాటులో లోపం. ఇంధనం అందని కండరాన్ని పరిగెత్తించేసరికి అది చితికిపోయి, దానిలోని ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి, మూత్రంలోకి వచ్చింది. అది కిడ్నీలకు మంచిది కాదు.

"రెండు మూడు రోజులు మూత్రం చూద్దాం. తేటపడితే ఇబ్బంది లేదు. లేకపోతే డయాలసిస్ గురించి మాట్లాడాల్సి వస్తుంది."

"నెయ్యి బాగా పెడుతున్నామండీ" అన్నారు అత్తయ్య.

"ఇక తగ్గించండి. అన్నం పెట్టండి."

కొవ్వును లోపలికి మోసేదాని పేరు కార్నిటైన్. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నకు నేను రాసిన జవాబు అది. ఆ పదం డాక్టరమ్మ నోట విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మార్కులే.

పిల్ల వేలి నుంచి రక్తం చుక్కలు మందపాటి కాగితం మీద అద్ది పరీక్షకు పంపారు. నేను తెల్ల ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని, ప్రతిసారీ అందులోనే పట్టి కిటికీ దగ్గర చూసేదాన్ని. మొదట డికాక్షన్. తర్వాత టీ. తర్వాత పలుచటి టీ. మా ఆయన కూడా వచ్చి నా భుజం మీదుగా చూసేవాడు. నాటకాల సంగతి మళ్లీ ఎత్తలేదు. నిమ్మరసం రంగుకు వచ్చిన రోజు ఆయన ఆ మగ్గు నా చేతిలోంచి తీసుకుని తనే కడిగాడు.

సంఘం ఆడవాళ్లు ఆసుపత్రికి వచ్చారు. బిడ్డ కోసం రోజుకొకరు చొప్పున వరసగా ఉపవాసం ఉంటామన్నారు. అత్తయ్య మంచం పక్కనుంచి లేవకుండానే, "వద్దమ్మా. తిని ప్రార్థన చేయండి" అన్నారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపిల్ పళ్లు పెట్టి వెళ్లారు.

ఇంటికి వచ్చాక ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుమానమే నిజం. దీనికి పెద్దగా మందు లేదంది. కొన్ని గంటలకోసారి తినాలి, నూనె నెయ్యి తగ్గాలి, జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి తేవాలి, ఖాళీ కడుపుతో పరిగెత్తకూడదు. జీవితాంతం. రాత్రి పడుకునే ముందు కూడా అటుకులో అరటిపండో పెట్టాలి. తను తిని పడుకున్నాకే నేనిలా రాయడానికి కూర్చోగలుగుతున్నాను.

ఇవన్నీ నేను చేయగలను. భయస్తురాలికి గంటలు లెక్కపెట్టడం కష్టం కాదు. కష్టం ఇంకోచోట వచ్చింది. పిల్ల తినడం లేదు. ఇంట్లో నా ఎదురుగా తింటుంది, బడి నుంచి డబ్బా నిండుగా వస్తుంది. అడిగితే చాలాసేపటికి చెప్పింది.

"నేను మధ్యల జ్యూస్ తాగిన గదా. నానమ్మ లెక్క చివరి దాకా ఉంటే దేవుడు వింటుండె."

కాగితం తీసి బొమ్మ వేశాను. పోగులు, తలలు, కొలిమి. తను శ్రద్ధగా చూసింది.

"మరి నానమ్మ కండరాలకు అన్నం వద్దా?"

"తినకపోతే నానమ్మ కండరాలు కొవ్వు తింటాయి."

"నాకు కొవ్వు లేదా?"

"ఉంది. లోపలికి పోదు."

"ఎందుకు?"

"తలుపు సరిగ్గా తెరుచుకోదు."

"ప్రార్థన చేస్తే తెరుచుకోదా?"

నేను కొలిమి గీతలే మళ్లీ దిద్దాను. బొమ్మకు రంగులు వేస్తానని తీసుకుపోయింది. మర్నాడు డబ్బా మళ్లీ నిండుగానే వచ్చింది. నేను అత్తయ్యకు చూపించాను. ఆవిడ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశారు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఎవరూ ఏమీ తినరు. కొందరు మంచినీళ్లు కూడా ముట్టరు. పిల్లను ఇంట్లో ఉంచేస్తానన్నాను. రానివ్వమన్నారు అత్తయ్య. ఇడ్లీలు, పంచదార డబ్బాలో పెట్టుకుని వెళ్లాను.

రెండో ప్రసంగం అయ్యేసరికి తినాల్సిన సమయమైంది. డబ్బా తన ఒళ్లో పెట్టాను. తను ముందు వరసల్లో తలలు వంచుకుని కూర్చున్నవాళ్లను చూసి, డబ్బా పక్కకు జరిపింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జరిపింది. బయటికి ఎత్తుకుపోవచ్చు, నోట్లో కుక్కవచ్చు. ఇవాళ కుక్కితే సోమవారం బడిలో ఎవరు కుక్కుతారు?

అత్తయ్య మా ఇద్దరి మధ్యగా చెయ్యి చాచి డబ్బా అందుకున్నారు. మూత తీశారు. ఇడ్లీ తుంచి, పంచదార అద్దుకుని, తన నోట్లో పెట్టుకున్నారు.

వెనక వరస నుంచి ఒకావిడ ముందుకు వంగింది. "వదినగారూ! ఇవాళ ఏం రోజు?"

"క్యాలెండర్ చూసే వచ్చానమ్మా. నువ్వు ప్రసంగం విను."

పిల్ల నోరు తెరిచి చూస్తోంది. "నానమ్మా, దేవుడు చూస్తుండు."

"చూడనీ. ఇక నీతోబాటు నేనూ తింటానని ఆయనతో చెప్పేశాను."

"ఏమన్నడు?"

"వద్దనలేదు."

అత్తయ్య రెండో ముక్క తుంచారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలారు. పిల్ల డబ్బాలోకి తొంగి చూసింది.

"పంచదార మొత్తం నువ్వే తింటవా ఏంది?"

డబ్బా తన వైపు లాక్కుంది. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తిన్నారు. మూడో మాట చెప్పేందుకు ప్రసంగికుడు లేచి అద్దాలు తుడుచుకునేలోపు ఇడ్లీలు అయిపోయాయి. అత్తయ్య చీర కొంగుతో ముందు దాని మూతి తుడిచి, తర్వాత తనది తుడుచుకుని, పాటల పుస్తకం తెరిచారు.