పొలిమేర అవతలి చావులు

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే దారిలో మా ఊరు. మా తాతల గడీలో నా కాలానికి మిగిలింది రెండు గదులు, ముందు వసారా. అయినా పంచాయతీలో అందరి బల్ల మీద కూర్చోవడం మా ఇంట అలవాటు లేదు. నా కుర్చీ నేనే తీసుకుపోయేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం విషజ్వరాలు వచ్చాయి. మా ఊళ్లోనూ, చెరుకు తోటల అవతలి తండాలోనూ మనుషులు పోయారు. తండాలోనే ఎక్కువ పోయారనీ, జ్వరం అక్కడినుంచే వస్తోందనీ ఊరంతా నమ్మింది. తగ్గేదాకా తండా పిల్లలు బడికి రావద్దని చాటింపు వేయిద్దామని సర్పంచ్ అందరినీ పిలిచాడు. ఆ ఏడే తండా నుంచి మొదటిసారి ఒక ఆడపిల్ల పదో తరగతికి వచ్చింది. బడి ఆగితే పిల్లను చెరుకు నరకడానికి వెంట తీసుకుపోతామని, మళ్లీ పంపడం తన వల్ల కాదని ఆమె తండ్రి పంచాయతీ వాకిట్లో నిలబడి చెప్పాడు.

బడి స్థలం మా తాత ఇచ్చింది. మమ్మల్ని అడగకుండా దాని తలుపు ఎవరికి మూస్తారో చూద్దామని వెళ్లాను. ఎన్నడూ గడప దాటి పంచాయతీకి రాని అమ్మ నా వెనకే వచ్చి, నా కుర్చీలో కూర్చుంది. నేను నిలబడ్డాను.

మా వైపు ఊళ్లో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఆ వాడలో పొయ్యి వెలిగించరు. బయట పోయినవాళ్లను మాత్రం పొలిమేర లోపలికి తేరు. అటు నుంచి అటే మంజీర ఒడ్డుకు తీసుకుపోతారు. పొయ్యిలు ఆరిన చావులే ఊరికి గుర్తుంటాయి. సర్పంచ్ వేళ్లు మడిచి చెప్పినవి అవే.

అమ్మ విన్నంతసేపు విని అడిగింది. "ఏమయ్యా, మా మరిది ఏమైండు? నీ తల్లి ఏమైంది?"

"వాళ్లు నిజామాబాద్ దవాఖానల పోయిండ్రు గద దొరసాని. ఊర్ల గాదు."

"జ్వరం ఊర్లనే పట్టింది గద. ఇంట్ల పోతే ఊరి చావు, దవాఖానల పోతే ఎవరిది గాదా?"

పిల్ల తండ్రి మెల్లగా అందుకున్నాడు. "మావోళ్లు బోధన్ దిక్కు కూలికి పోయి జ్వరం తెచ్చుకుంటే ఇంటికే తెస్తిమి. గా చావులన్నీ మా తండా లెక్కలనే పడ్డయి."

దాంతో ఒక్కొక్కరు తమ ఇంట్లో బయట పోయినవాళ్ల పేర్లు చెప్పసాగారు. నేను ఇంకో మాట కలిపాను: ఊరి ఇళ్లెన్ని, తండా ఇళ్లెన్ని అన్నది కూడా చూడాలని. అన్నీ కలిపి చూస్తే ఊరివాళ్లే ఎక్కువమంది పోయారు. ఇళ్ల లెక్కన మాత్రం తండాకే కొంచెం ఎక్కువ తగిలింది. ఆ సంగతి దాచాలని నాకు అనిపించలేదు. డాక్టరు మొహం చూడకుండా పోయినవాళ్లే అక్కడ ఎక్కువ.

"ఇగ ఆపాల్సింది పిల్లల్ని గాదు, రోడ్డు మీద పోయే దవాఖాన జీపును," అన్నాడు సర్పంచ్, తన తల్లి మాట వచ్చినప్పటి నుంచి దించిన తల ఎత్తకుండానే. ఆ జీపు వస్తే ముందు తండాకే పంపుతానన్నాడు. చాటింపు వేయలేదు.

పరీక్షలప్పుడు ఆ పిల్ల మా ఊరి పిల్లలతో ఒకే ఆటోలో బాన్సువాడ పోయింది. ఆటో మాట్లాడింది సర్పంచే. గాలి తగిలే అంచున చోటు కోసం ఎవరో జరగమంటే, ముందెక్కింది తానేనని కదలకుండా కూర్చుందట.