నానమ్మ నిదానం, నా వాల్వ్ ట్యూబు

ఇప్పుడంటే ఫోను మీద వేలు పెడితే పాట వస్తుంది గానీ, మా రోజుల్లో పాట రావాలంటే ముందు రబ్బరు బాగుండాలి. రబ్బరు పోతే ఎంతటి గాయకుడైనా మూగవాడే. ఈ సంగతి నాకు పామర్రులో మా నానమ్మ ఇంట్లో, చేతులకి అంటుకున్న నల్లటి జిగురుతో సహా తెలిసొచ్చింది (చొక్కాకి అంటింది మాత్రం ఇప్పటికీ వదల్లేదు).

అప్పుడు నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి గవర్నర్‌పేటలో ఒక రిపేరు షాపులో కొత్తగా చేరాను. రేడియో మూత విప్పడం వచ్చింది, బిగించడం ఇంకా రాలేదు. అయినా మావాళ్ల దృష్టిలో నేను ఇంజనీరునే, నా దృష్టిలో అంతకంటే కొంచెం ఎక్కువే. తాతయ్య టేపు రికార్డరు బాగుచేసి పెట్టమని నానమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది.

గొడవేమిటంటే, కొత్త ధాన్యం చర్చికి తెచ్చే కోత పండుగకి నానమ్మ ఏటా ఒక కీర్తన పాడించేది. కొత్తగా వచ్చిన కీబోర్డు మాస్టారు దాన్ని పరుగెత్తించాడు. అది నిదానంగా పాడాల్సిన పాటని నానమ్మ, వయసైపోయి సాగదీస్తున్నారని ఆయన. పాత క్వయర్‌తో తాతయ్య పాడింది పెద్ద చక్రం టేపు మీద ఉంది. పండుగకి ముందు ఆదివారం అది వినిపిస్తే సరే, లేకపోతే పాట తన స్పీడులోనే ఉంటుందని మాస్టారు తేల్చేశాడు. తాతయ్య ఎప్పుడో పోయాడు. ఆయన పాట కూడా పోతుందంటే ఊరుకునే మనిషి కాదు నానమ్మ.

మూత తీస్తే బెల్టు తారులా కరిగి చక్రాలకి అతుక్కుపోయి ఉంది. టేపుని ఇనుప కడ్డీకి అదిమిపట్టి లాగే రబ్బరు రోలరు గట్టిపడి బీటలు వారింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని షాపుకి తెస్తే, రబ్బరు చచ్చిపోయిందనీ పాత సామాన్లకి వేసెయ్యమనీ ఓనరు అన్నాడు. దాంతో నాకు పౌరుషం వచ్చింది. ఏదో క్యాసెట్ ప్లేయరు బెల్టు తగిలించాను. పట్టు కోసం కడ్డీకి సైకిలు వాల్వ్ ట్యూబు, అంటే సన్నటి రబ్బరు గొట్టం, తొడిగాను. చక్రాలు గిర్రున తిరిగాయి. టేపు నానమ్మ దగ్గరే ఉంది కనక, విని చూసే పని కూడా లేకుండా ధీమాగా బస్సెక్కాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ స్విచ్ నొక్కాను. కడ్డీ లావెక్కితే టేపు వేగం పెరుగుతుందని పాలిటెక్నిక్‌లో చెప్పే ఉంటారు (ఆ రోజు నేను మ్యాట్నీలో ఉండి ఉంటాను). గంభీరమైన గొంతని పేరున్న తాతయ్య ఆరో తరగతి ఆడపిల్లలా కీచుమన్నాడు. క్వయర్ మొత్తం బస్సు తప్పిపోతున్నట్టు పాడేసి ముగించింది. వెనక బల్లల్లో కుర్రాళ్లు నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వకుండా, "చూశారాండీ, అప్పట్లోనే మనకంటే స్పీడు" అన్నాడు. నేను మళ్లీ మూత విప్పడానికి స్క్రూడ్రైవరు వెతుక్కున్నాను.

నానమ్మ లేచి నిలబడింది.

"మాస్టారూ, నలభయ్యేళ్లు కాపరం చేశాను. ఆయన గొంతు నాకు తెలీదా? మిషను పరిగెత్తిందని మేం కూడా పరిగెత్తాలా?"

జవాబు కోసం చూడకుండా ఎత్తుకుంది. ఒక్కతే, తన నిదానంలోనే. రెండో చరణానికి పక్కనున్న పెద్దవాళ్లు కలిశారు, మూడో చరణానికి నవ్విన కుర్రాళ్లూ కలిశారు. చివరికి మాస్టారి వేళ్లు కూడా కీబోర్డు మీద ఆవిడ వెనకాలే మెల్లగా నడిచాయి. కోత పండుగనాడు ఆ పాట ఆవిడ చెప్పినట్టే సాగింది (అంతా నా రిపేరు చలవేనని షాపులో చెప్పుకున్నాను).

ఇప్పుడా రికార్డరు బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాటులో ఉంది. నా వాల్వ్ ట్యూబు కూడా జిగురైపోయింది, తియ్యబుద్ధి కాలేదు. మోకాళ్లలో గుజ్జు అరిగింది, మెట్లెక్కొద్దని డాక్టరుగారు అన్నారు. నేను ఎక్కుతూనే ఉన్నాను. వెనక వచ్చే పిల్లలు "అంకుల్, కొంచెం త్వరగా" అంటే రెయిలింగు పట్టుకుని ఆ పాటే ఎత్తుకుంటాను, నానమ్మ నిదానంలో. రెండేసి మెట్లు దూకుతూ ఎక్కే వయసులో నాకు దాని పల్లవి కూడా సరిగ్గా వచ్చేది కాదు.