తనిఖీ నాటి రోగులం

నేను కాపురానికి వెళ్ళిన ఊరు పుల్లలచెరువు దాటాక, నల్లమల అంచున ఉంటుంది. చలిజ్వరాల ఊరని తెలిసీ మా నాయన నన్ను అక్కడ ఇవ్వడానికి ఒప్పుకున్నది ఒక్క ధైర్యంతో. ఆ ఊళ్ళో ధర్మాసుపత్రి ఉంది.

తెల్లదొరల కాలం. జిల్లా బోర్డు వాళ్ళు కట్టించిన ఆసుపత్రి అది. పెంకుల కప్పు, రెండు గదులు, ముందు వసారా. డాక్టరు ఉండాలి, కాన్పులు చూసే నర్సు ఉండాలి. నేను వెళ్ళేనాటికి ఇద్దరూ లేరు. వచ్చిన డాక్టరల్లా ఆ ఊరి ఉప్పునీళ్ళు తాగి, ఒకసారి జ్వరం పడి, బదిలీ చేయించుకుని పోయేవాడట. మిగిలింది కాంపౌండరు. మంచివాడే. జ్వరానికి క్వినైను నీళ్ళు పోసేవాడు, పుండ్లకు మందు రాసేవాడు. అంతకు మించి ఏది వచ్చినా, "మార్కాపురం తీసకపోండి" అనేవాడు. ఎద్దుల బండిలో తెల్లవారుజామున బయలుదేరితే పొద్దుగూకేవేళకు మార్కాపురం.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అందుకని తొలి కాన్పు కూడా అత్తగారింట్లోనే అనుకున్నాం. నాకు కడుపు బాగా కనపడుతున్న రోజుల్లో కాంపౌండరు మా ఇంటికి వచ్చాడు.

"అత్తా, రేపు కర్నూలు నించి పెద్ద డాక్టరు దొర తనిఖీకి వస్తాండాడు. మంచాల మీద రోగులు కనపడాల. నీ కోడల్ని పంపు."

"దానికి రోగమేందిరా?"

"కడుపుతో ఉంది గదా, చాల్లే. మద్దేనం దాకా పడుకోని వస్తాది."

మా అత్త నవ్వి సరేనంది.

మర్నాడు తెల్లవారేసరికి, రాత్రంతా నడిచిన బండ్లలో మార్కాపురం నుంచి మంచాలు, కంబళ్ళు, మందు సీసాలు దిగాయి. ఒక డాక్టరు, ఒక నర్సు కూడా దిగారు. నా పక్క మంచం మీద గొర్రెలు కాసే ముసలామె. దగ్గమని ఆమెకు చెప్పారు. నిజం దగ్గు ఉన్న మనిషే కాబట్టి కష్టపడకుండా దగ్గింది. ఆ కంబళ్ళు మెత్తగా ఉన్నాయని ఇద్దరం చెప్పుకుని నవ్వుకున్నాం కూడా.

నర్సు మాత్రం నవ్వలేదు. దొర వచ్చేలోగా నా దగ్గర కూర్చుని పొట్టంతా తడిమి చూసింది.

"బిడ్డ అడ్డంగా ఉన్నాడమ్మా. ఇంకా దినాలున్నాయి, తిరిగితే తిరుగుతాడు. తిరక్కపోతే ఇంటికాడ కాన్పు కాదు. నొప్పులు రాకముందే మార్కాపురం వచ్చి నా దగ్గర ఉండు."

దొర మోటారులో వచ్చాడు. అరవాయన, మాట నెమ్మది. నా మంచం దగ్గర ఆగి, "నర్సమ్మ బాగా చూస్తుందా?" అని అడిగాడు. "చూసిందయ్యా" అన్నాను. అది అబద్ధం కాదు.

దొర మోటారు ఊరి పొలిమేర దాటగానే మమ్మల్ని లేపి మంచాలు బండ్లకెత్తారు. బండి ఎక్కుతూ నర్సు నావైపు చూసి, "మరిచిపోవద్దమ్మా" అంది.

మేము మరిచిపోలేదు. అమావాస్య వెళ్ళాక బయలుదేరాలని మా అత్త బియ్యం, పచ్చళ్ళు మూట కట్టి పెట్టింది. నొప్పులు ముందే వచ్చాయి. ఊరి మంత్రసాని చూసి భయపడి చేతులెత్తేసింది. కాంపౌండరును పిలిస్తే వచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు. "నా చేతుల్లో లేదత్తా. బండి కట్టించు" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు నేను చూశాను.

ఆ దారి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. మా ఆయన ఎద్దుల్ని అదిలించే గొంతు, బండి కుదుపు, నా తల ఒడిలో పెట్టుకున్న మా అత్త చెమట వాసన. మార్కాపురం ముందు పలకల గనుల దగ్గర పనివాళ్ళు బండి ఆపి నా నోట్లో నీళ్ళు పోశారు. అప్పటికి కడుపులో కదలిక ఆగిపోయింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా అత్తకు తెలుసుననుకుంటాను, ఆమె చెయ్యి నా పొట్ట మీదే ఉంది.

ఆసుపత్రిలో ఆ నర్సే ఉంది. నన్ను బతికించారు. మగపిల్లవాడట, నాకు చూపించలేదు. ఇక పిల్లలు పుట్టరని మా అత్తకు చెప్పారు.

ఇంటికి పంపేముందు నర్సు నా మంచం పక్కన కూర్చుంది. "నా ఉద్యోగం మీ ఊళ్ళోనేనమ్మా. కాగితం మీద ఆ ఊరి నర్సును నేనే. ఈడ ఇంకో నర్సు లేదు. నేనొస్తే ఇక్కడ కాన్పులు ఎవరు చూస్తారని నన్ను పంపలేదు."

ఆమెను ఏమనగలం? ఆ వార్డు నిండా కాన్పుకొచ్చిన ఆడవాళ్ళే.

మళ్ళీ తనిఖీ వచ్చింది. మళ్ళీ మంచాలు దిగాయి. ఈసారి ఎవరూ పిలవకుండానే మా అత్త వెళ్ళి వసారాలో నిలబడింది, వెనక నేను.

"దొరా, ఈ మంచాలు మావి గావు. ఈ నర్సు రేపుండదు. నీ తనిఖీ నాడు నా కోడలు ఈడ పడుకుంది. నిజంగా ప్రాణం మీదికొచ్చిన నాడు ఈడ మనిషి లేకపాయె. నా మనవణ్ణి మట్టి చేసినాం."

దొర కాంపౌండరు వైపు తిరిగాడు. అతను తల వంచుకున్నాడు. దొర మా అత్తతో, "నిజం చెప్పావమ్మా. ఉన్నది ఉన్నట్టు రాస్తాను" అన్నాడు. ఆ పూట మా అత్త ఇంటికి వచ్చి కడుపునిండా సంగటి తింది. బిడ్డ పోయాక ఆమె అట్లా తినడం అదే మొదలు.

జొన్న కోతల వేళ కాంపౌండరు మా ఇంటికి వచ్చాడు.

"దొర మాట తప్పలేదత్తా, ఉన్నదున్నట్టే రాసినాడు. డాక్టరు లేడు, నర్సు లేదు, వట్టి గోడలకు ఖర్చెందుకని పైవాళ్ళు ఆసుపత్రి ఎత్తేసినారు. నన్ను గిద్దలూరుకు వేసినారు."

మందుల పెట్టెలతో అతను బండెక్కి పోయాడు.

ఆ వానాకాలం చలిజ్వరాలు గట్టిగా వచ్చాయి. క్వినైను నీళ్ళకు కూడా మార్కాపురమే గతి. బండి లేనివాళ్ళు ముసుగుపెట్టి పడుకున్నారు. కొందరు లేచారు. నా పక్కన దగ్గిన ముసలామె లేవలేదు. బావి దగ్గర ఆడవాళ్ళు మా అత్తతో మాట్లాడటం మానేశారు. "నువ్వు నోరు మూసుకోనుంటే ఆ కాంపౌండరన్నా మిగిలేవాడు" అని ఒకామె మొహానే అంది. ఆ తర్వాత నీళ్ళకు నేనే వెళ్ళేదాన్ని.

ఒకనాడు నేనే అడిగాను. "ఆ దొర మనల్ని మోసం చేసినాడా అత్తా?"

"లేదే. మంచోడే. మంచోడు గాబట్టే రాసినాడు" అంది. అని, చాటలో జొన్నలు పోసుకుని చెరుగుతూ కూర్చుంది.