బయట ఉన్నప్పుడు వచ్చే తలనొప్పి

1975లో నన్ను తెనాలి నర్సింగ్ హోములో ప్రసూతి వార్డు నుంచి సూదుల డాక్టరు గారి గదికి మార్చారు. మా ఆయన పోయినప్పటి నుంచి అక్కడే ఆయాగా చేస్తున్నాను. సంతకం వరకే నా చదువు. ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నిజానికి ఆ గదికి నర్సును వేయాలి, ఆయాను కాదు. ఒంటి మీద సూదులు గుచ్చి నొప్పి తీస్తారంటే నర్సులు నమ్మక, మేం రామన్నారు. నాకు భయం లేదు, వెళ్ళాను.

అది ఇంజెక్షను సూది కాదు. బోలుగా ఉండదు, లోపల మందు ఉండదు. వెంట్రుక కంటే కాస్త లావు, పిడికి తీగ చుట్టి ఉంటుంది. వాటిని ఉడకబెట్టడం, ట్రేలో పేర్చడం, డాక్టరు గారు గుచ్చాక రోగి కదలకుండా చూసుకోవడం, తీశాక ఒంటి మీద ఒక్కటైనా మిగిలిపోయిందేమో వెతకడం నా పని.

డాక్టరు గారు రైల్వే వారి అబ్బాయి. ఖరగ్‌పూర్‌లో పెరిగి, కలకత్తాలో ఈ వైద్యం నేర్చుకున్నారు. తల్లి చిన్నప్పుడే పోయిందట. తెలుగు చక్కగా మాట్లాడేవారు కానీ, అది తండ్రితో, అన్నలతో మాట్లాడి నేర్చిన తెలుగు. వారంలో ఒకరోజు బాపట్లలో, ఒకరోజు రేపల్లెలో క్యాంపు పెట్టేవారు. రేపల్లెలో రైసు మిల్లు ఆసామి తన ఇంటి ముందు గది ఇచ్చాడు.

నాగేంద్రం అక్కడికే వచ్చింది. చేపల మనిషి. బజారులో మెట్ల పక్కన దాని చోటు. నెలకోసారి ఒంటికణత నొప్పి వచ్చి మూడు రోజులు తల ఎత్తనిచ్చేది కాదు. ఆ మూడు రోజులూ తోడికోడలు వచ్చి ఆ చోట్లో గంప దించేది. ఇలాగే రాకుండా ఉంటే చోటు తోడికోడలికే రాసేస్తానని, బజారు చోట్లకి ఆశీలు పన్ను వసూలు చేసేవాడు చెప్పేశాడట. తాగే మొగుడు, ఇద్దరు పిల్లలు. ఆ చోటు పోతే దానికి ఇంకో దారి లేదు.

నొప్పి ఎప్పుడు వస్తుందని డాక్టరు గారు అడిగారు.

"బయటున్నప్పుడే వస్తుందండి," అంది తల వంచుకుని.

రోజంతా ఎండలో కూర్చునే మనిషి కదా, ఎండ తలనొప్పే అనుకున్నారు ఆయన. నేనూ అదే అనుకున్నాను. తలకీ మెడకీ సూదులు పెట్టి, మధ్యాహ్నం పూట గొడుగు వేసుకోమని చెప్పారు.

"చేపల గంప మీద గొడుగా? జనం చేపల్ని చూడాలా, నన్ను చూడాలా అండి?" అంటూ వెళ్ళిపోయింది.

తర్వాతి నెల మళ్ళీ వచ్చింది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని, కళ్ళు మూసుకుని, వీధి అరుగు చివర ఎండలో కూర్చుంది. అప్పటికే రెండుసార్లు కక్కుకుందట. డాక్టరు గారు గుమ్మం దాకా వచ్చారు.

"ఎండలో ఎందుకమ్మా, లోపలికి రా."

"బయటున్నానండి."

"బయటున్నావనేగా లోపలికి రమ్మంటున్నాను."

నాగేంద్రం ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. "పిన్నీ, ఈయనకి తెలుగు వచ్చా?"

గుమ్మం పైన మిల్లు ఆసామి పెట్టుకున్న దేవుడి పటం, దాని ముందు దీపం ఉన్నాయి. అవి చూశాక నాకు అర్థమైంది. ముట్టయిన ఆడది బయటున్నానంటుంది. డాక్టరు గారిని పక్కకి పిలిచి చెప్పాను. కిందటిసారి కూడా ఇదే చెప్పిందా అని అడిగారు.

నాగేంద్రం వినేసింది. "ఇంకెలా చెప్పమంటారండి? మగాయన ముందు విడమరిచి చెప్పుకోనా?"

డాక్టరు గారు పటం తీయించమనలేదు, నాగేంద్రాన్ని లోపలికి రమ్మని పట్టుబట్టలేదు. అరుగు మీదే మంచం వేయించి, చుట్టూ దుప్పటి కట్టించారు. గర్భం నిలిచిన వాళ్ళకి కొన్ని చోట్ల సూది పెట్టకూడదు, ముట్టయి ఉంది కనక నాగేంద్రానికి ఇప్పుడా అనుమానం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో, మెడ వెనక గుంటల్లో, పాదం మీద వేళ్ళ సందులో, చీలమండకి పైన కాలి లోపలి వైపు పెట్టారు. గంప మోసే చేతిలో సూది తిప్పగానే "జివ్వుమంటోంది పిన్నీ" అంది. అలా అనిపిస్తేనే సూది సరైన చోట పడ్డట్టు. కాసేపటికి నీళ్ళు అడిగి తాగింది, కక్కుకోలేదు.

అసలు వైద్యం నొప్పి రాకముందు చేయాలని డాక్టరు గారు అన్నారు. ముట్టుకి వారం ముందు రమ్మన్నారు. నాగేంద్రానికి తేదీలు తెలియవు. సముద్రం పోటూ పాటూ చూసి బతికే ఇంట్లో పుట్టింది కనక తిథులు తెలుసు. దానికి ముట్టు అమావాస్య దాటాక అయ్యేది, అందుకని బహుళ దశమి దాటగానే సూదులకి వచ్చేది. ఆ ఇళ్ళల్లో బయటున్నప్పుడు వల, పడవ ముట్టుకోరు కానీ బజారుకి అడ్డు లేదు.

ఆ పై నెల క్యాంపు రోజున రైలు దిగి బజారు మీదుగా వెళ్తూ చూశాను. నాగేంద్రం తన చోట్లోనే కూర్చుని, వంజరం బేరం ఆడుతోంది. దగ్గరికి వెళ్ళి ఎలా ఉందని అడిగాను.

"బయటే ఉన్నా పిన్నీ, రెండో రోజు. కణత కొంచెం లాగుతోంది. లాగితే లాగనీ, కూర్చోగలను." కొనే ఆవిడ వైపు తిరిగి, "ఏంటమ్మా, చేపని కాదు, తూకాన్ని చూడు," అంది.

నొప్పి పూర్తిగా పోలేదు. కొన్ని నెలలు వస్తూనే ఉంది కానీ పడుకోబెట్టలేదు. చోటు దానికే నిలిచింది. ఈ సూదులతో అందరికీ గుణం కనిపించలేదు, కనిపిస్తుందని డాక్టరు గారు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటి నుంచి మూడు ఊళ్ళలోనూ ఆడవాళ్ళని ముందు నేను చూసేదాన్ని. దుప్పటి వెనక్కి తీసుకెళ్ళి, నొప్పి ఎక్కడో అడగకముందు ముట్టు ఎప్పుడయిందో అడిగేదాన్ని. ఎండ నొప్పి, అమావాస్య నొప్పి, గాలి సోకిన నొప్పి అని వచ్చిన వాళ్ళల్లో చాలామందిది ఇదే నొప్పి. రోగి ఒక మాట అనగానే మనకి తెలిసిన అర్థం దానికి తగిలించేసుకుంటాం. ఆ మాటని విడమరిచి తిరిగి ఆమెకే చెప్పి, ఇదేనా అని అడిగి, ఔనన్నాకే ట్రే అందించాలి. నేను నేర్చుకున్న పని అది.