ఇంగ్లండు ఇంజను, రాజమండ్రి పట్టా

1977 జూన్‌లో అమలాపురంలోని ఒక ప్రభుత్వ సాంకేతిక శిక్షణ సంస్థలో డ్రాయింగ్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. పుట్టి పెరిగింది ఈ కోనసీమలోనే అయినా, అంతకుముందు కాకినాడలో ట్రేసరు ఉద్యోగం నాది. ఇంజనీర్లు గీసిన పటాల మీద పల్చటి కాగితం పరిచి నకళ్లు తీయడమే ఆ పని. ఇక్కడ మాత్రం కుర్రాళ్లకి పటం చదవడం, గీయడం నేర్పాలి. ఇన్‌స్ట్రక్టర్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదటిరోజు కుతూహలం పట్టలేక తిరుగుతున్న లేత్ దగ్గరికి వెళ్లి నిలబడితే, టర్నర్ ఇన్‌స్ట్రక్టరు, అంటే లేత్ పని నేర్పే సుందర్రావు గారు ఠక్కున యంత్రం ఆపేశారు.

"కొంగు దోపుకోండమ్మా, దీనికి మర్యాద తెలీదండి," అన్నారు.

సుందర్రావు గారిది రాజోలు దగ్గర పల్లె. వాళ్లింట్లో నెలజీతం అందుకున్న మొదటి మనిషి ఆయనే. భార్య రాజోలులో బడిపంతులమ్మ. ఆయన రోజూ బస్సులో వచ్చి వెళ్లేవారు. తక్కువ మాట్లాడేవారు, మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్లకి నవ్వు ఆగేది కాదు. లేత్ ఇనుప, ఇత్తడి కడ్డీలను తిప్పుతూ కోరే యంత్రం. మా సంస్థలో మంచి లేత్ ఒక్కటే ఉండేది, దాన్ని ఆయన పాడి గేదెను చూసుకున్నట్టు చూసుకునేవారు.

ఆ ఏడు వర్షాలు వెనకబట్టాక పై ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. టర్నర్ విభాగాన్ని లేత్‌తో సహా ఫ్యాక్టరీలున్న మరో ఊరికి తరలించే ఆలోచన ఉందట. కొబ్బరి, వరి తప్ప మరోటి లేని చోట లేత్ ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. తనిఖీ బృందం వచ్చి పని చూసి తేలుస్తుందని చెప్పారు. లేత్ పోతే సుందర్రావు గారూ దాని వెనకే పోవాలి. భార్య ఉద్యోగం ఒకచోట, ఆయన ఉద్యోగం మరోచోట అవుతాయి. అంతకన్నా ఆయన్ని బాధపెట్టింది ఇంకోటుంది. ఇక మీదట కోనసీమ కుర్రాడు టర్నింగ్ నేర్చుకోవాలంటే గోదావరి దాటాల్సిందే. ఆ మాట ఆయన నాతో రెండుసార్లు అన్నారు.

మా ప్రిన్సిపాల్ గారికి హడావిడి ఎక్కువ, ధైర్యం కూడా ఎక్కువే. బృందానికి మామూలు బోల్టులూ నట్లూ చూపిస్తే లాభం లేదని, విక్టోరియా రాణి కాలం నాటి రైలింజను నమూనా చేసి చూపిద్దామని అన్నారు. ఆ ఆలోచన ఆయనకి ఒక పాత పుస్తకం చూశాక వచ్చింది. మిషన్ బంగళా ఖాళీ చేసినప్పుడు ఎవరో తెచ్చి మా లైబ్రరీలో పడేసిన ఇంగ్లండు రైళ్ల పుస్తకం అది. అందులో ఒక ఇంజను బొమ్మ నన్నూ కట్టిపడేసింది. ముందొక జత, వెనకొక జత చిన్న చక్రాలు, మధ్యలో మనిషెత్తు చక్రాలు ఒకే ఒక్క జత. ఆ మధ్య చక్రాలు అంత పెద్దవెందుకో అప్పుడు నాకు తెలియదు. సుందర్రావు గారు చెప్పారు: ఆవిరి ఇంజనుకి గేర్లుండవు, చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం పోతే అదే వేగం, కాబట్టి వేగం కావాలంటే చక్రం పెంచడమే దారి.

బొమ్మ కింద అడుగుల కొలబద్ద ముద్రించి ఉంది. దాన్నిబట్టి పొడవూ ఎత్తూ తేలిపోయాయి. అసలు ఇంజనులో అడుగుకి నమూనాలో అంగుళం చొప్పున స్కేలు నిర్ణయించుకున్నాం. చిక్కల్లా వెడల్పుతో వచ్చింది. ఏ యంత్రం తయారుచెయ్యాలన్నా పక్కనుంచి చూసిన పటం ఒక్కటే చాలదు, ఎదురుగా నిలబడి చూసిన పటం కూడా కావాలి. పుస్తకంలో అదీ ఉండేదే, కానీ ఆ పేజీని చెదలు తినేశాయి. అంచున పొగగొట్టం కొస మాత్రం మిగిలింది.

వెడల్పు తెలియాలంటే పట్టాల మధ్య దూరం తెలిస్తే చాలు, మిగతాదంతా దానిమీద కట్టుకుంటూ పోవచ్చు. కానీ కోనసీమలో ఎక్కడని కొలుస్తాం? మాకు పడవలున్నాయి, బండ్లని నది దాటించే పంట్లున్నాయి, బస్సులున్నాయి, రైలు పట్టా మాత్రం లేదు. ఒక శనివారం సుందర్రావు గారు స్టీలు టేపు జేబులో వేసుకుని రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లారు. గూడ్సు యార్డులో అనుమతి అడిగి, పట్టా లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలిచారు. బఫర్లు, అంటే పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకోకుండా కొసల్లో ఉండే గుండ్రటి దిమ్మలు, వాటి మధ్య దూరం కూడా తీసుకున్నారు. సోమవారం వచ్చి, "ఐదడుగుల ఆరంగుళాలండి. మూడు చోట్ల కొలిచేను, వెంట్రుకవాసి తేడా లేదండి," అన్నారు.

ఆ కొలతతో నేను ఎదురుపటం గీశాను. గీస్తుంటే ఏదో అనుమానం. బాయిలరుకీ చక్రాలకీ మధ్య ఖాళీ మరీ ఎక్కువగా కనిపించింది. ఇంగ్లీషువాళ్లు ఇంత చోటు ఊరికే ఎందుకు వదిలారని అడిగాను. "పట్టా అబద్ధం చెప్పదు కదండీ," అన్నారాయన. నిజమే, నాకూ అంతకు మించి తోచలేదు. పటాన్ని ఆయన చాలాసేపు చూసి, ఫైర్‌బాక్స్ దగ్గర వేలు పెట్టారు. అది బాయిలరు వెనక బొగ్గు మండే పొయ్యి.

"ఇక్కడ ఇంత జాగా ఉండగా పొయ్యి సన్నగా ఉండడం ఏంటండీ? వెడల్పు చేసేద్దామండి."

నేను నవ్వాను. మా ప్రాంతంలో ఇది ఒంట్లో ఉన్న గుణం. రెండు కొబ్బరి చెట్ల మధ్య జానెడు ఖాళీ కనిపిస్తే అరటో కందో వెయ్యకుండా ఎవరికీ కాలు నిలవదు. పక్కపటంలో పొయ్యి పొడవూ ఎత్తూ ఎలాగూ మారవు, వెడల్పు చెప్పే పేజీ చెదల పాలైంది. అలాగే కానిమ్మన్నాను.

పని నెలల తరబడి సాగింది. చక్రాలకి ముందు చెక్కతో మూసలు చేశాం. పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది గనక మూసని ఆ మేరకు పెద్దది చెయ్యాలి. గోదావరి అవతల ఇత్తడి గంటలు పోతపోసేవారు ఆకులతో సహా చక్రాలు పోసి ఇచ్చారు. వాటిని సుందర్రావు గారు లేత్ మీద కోరారు. రైలు చక్రం అంచు చదునుగా ఉండదు, లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగా ఉంటుంది. బండి పట్టాల మధ్యన నడవడానికి ఆ వాలే ఆధారం. బాయిలరు మీద రివెట్లకి గుండుసూదుల తలలు వాడాం. ఆ కాలపు ఇంజన్లలో వేడి పోకుండా బాయిలరు చుట్టూ చెక్క బద్దలు బిగించేవారట. మేము టేకు బద్దలు తొడిగి ఇత్తడి పట్టీలు కట్టాం. చేతిపట్టు కడ్డీలకి ఏం వాడాలా అని తల పట్టుకుంటే మా అటెండరు, "కొబ్బరి ఈనెలు పెట్టేయండి, మన ఊరి బండని తెలుస్తాది," అని ఆట పట్టించాడు. ఇత్తడి తీగే వాడాం. నమూనాలో నిప్పు లేదు, నీళ్లు లేవు. కంప్రెసరు నుంచి గాలి వదిలితే లోపలి సిలిండర్లు కదిలి చక్రాలు తిరిగేలా చేశాం. మొదటిసారి ఆ పెద్ద చక్రాలు తిరిగినప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

బృందం వచ్చింది. దానికి పెద్ద ఒక రిటైరైన రైల్వే మెకానికల్ ఇంజనీరు. ఆయన ముఖంలో ఏ భావమూ ఉండేది కాదు. తనిఖీ పద్ధతి సులువైనదే: చేసిన వస్తువుని జాబ్ అంటారు, దాన్ని డ్రాయింగ్ పక్కన పెట్టి కొలుస్తారు, డ్రాయింగ్‌కి సరిపోకపోతే తిరస్కరిస్తారు. ఆయన పుస్తకం తెరిపించి బొమ్మ చూశారు. చక్రం, పొడవు, పొగగొట్టం కొలిచారు. తల ఊపారు. తర్వాత ఎదురుగా వచ్చి వంగి, ఎడమ కుడి చక్రాల మధ్య స్కేలు పెట్టి ఆగిపోయారు.

ఇంగ్లండులో పట్టాల మధ్య దూరం నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలేనని, ఈ వెడల్పు ఎక్కడిదని అడిగారు.

సుందర్రావు గారి చెయ్యి లేత్ మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. ప్రపంచంలో పట్టాలన్నీ ఒక్క వెడల్పే అనుకున్నాం ఇద్దరం. రైలు చూడాలంటే నది దాటాల్సిన ఊళ్లో పెరిగినవాళ్లకి రాజమండ్రి పట్టాయే పట్టా. ఇక లేత్ పోయినట్టేనని అనుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు వెంటనే అందుకుని, మన దేశపు పట్టాకి అనుగుణంగా కావాలనే మార్చామని చెప్పేశారు. అది మంచి అబద్ధం. ఊరుకుంటే సరిపోయేది. సుందర్రావు గారు ఊరుకోలేదు.

"లేదండి. కావాలని కాదండి. అక్కడ వేరే కొలతుంటుందని మాకు తెలీదండి. నేనే రాజమండ్రిలో కొలుచుకొచ్చేను."

ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు తిరిగారు. ఇంజనీరు మాత్రం సుందర్రావు గారినే చూస్తూ, మరి ఫైర్‌బాక్స్ ఎందుకు వెడల్పు చేశారని అడిగారు.

"జాగా ఖాళీగా ఉందండి. వదిలేయడానికి మనసొప్పలేదండి."

ఆ మాటకి ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు వచ్చింది. కుర్చీ తెప్పించుకుని నమూనా ముందు కూర్చున్నారు. తనిఖీ మర్చిపోయి మాకు పాఠం చెప్పారు. మన దేశం నుంచి ఆర్డరు వెళ్లినప్పుడు ఇంగ్లండు తయారీదారులు చేసిందీ ఇలాంటిదేనట. తమ దగ్గరున్న ఇంజను పటాన్నే తీసుకుని మన పట్టాకి వెడల్పు చేసేవారు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, దానికి పెద్ద పొయ్యి కావాలి. కాబట్టి పెరిగిన చోటుని పొయ్యికి ఇచ్చేవారు. తర్వాత ఆయన చట్రం, సిలిండర్లు తిప్పే క్రాంకు ఇరుసు, బాయిలరు ఆనుకునే బ్రాకెట్లు ఒక్కొక్కటీ కొలిచారు. వెడల్పు మార్చినచోట దానికి తగ్గట్టు మిగతా అన్నీ మారాయా అని చూస్తున్నారని నాకు అర్థమైంది. అన్నీ మారాయి. చివర్లో గాలి వదలమన్నారు, చక్రాలు తిరుగుతుంటే చెవి దగ్గరగా పెట్టి విన్నారు.

లేచి ఫలితం అక్కడే చెప్పారు. జాబ్ డ్రాయింగ్ ప్రకారం లేదు గనక పాస్ చెయ్యనన్నారు. సుందర్రావు గారు "ఆయ్" అని తల దించుకున్నారు. ఇంజనీరు ఇంకా ముగించలేదు. పటం చేతికిస్తే దాని ప్రకారం కోరేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారని, పటం లేనిచోట యంత్రం తనలో తాను పొసగేలా ఆలోచించే మనిషి ఇక్కడున్నాడని, లేత్‌ని ఆ మనిషి దగ్గరి నుంచి కదపమని తాను చెప్పబోనని అన్నారు.

లేత్ కదల్లేదు. ప్రిన్సిపాల్ గారు నమూనాని గాజు పెట్టెలో పెట్టించి, "విక్టోరియా కాలపు ఇంగ్లండు ఇంజను" అని పలక రాయమన్నారు. సుందర్రావు గారు ఒప్పుకోలేదు. చివరికి పలక నేను రాశాను: పొడవు, ఎత్తు ఇంగ్లండు పటం నుంచి, వెడల్పు రాజమండ్రి పట్టా నుంచి, ఫైర్‌బాక్స్ వెడల్పు మా సొంతం.

ఆ సంఘటన నాకు నేర్పింది ఇదీ. పటం చెప్పని కొలతని ప్రతివాడూ తనకి తెలిసిన చోటు నుంచే తెచ్చుకుంటాడు. తెచ్చుకోవడంలో తప్పు లేదు. కాకపోతే ఎక్కడి నుంచి తెచ్చాడో పటం మీదే రాయాలి. రిటైరయ్యేదాకా నా దగ్గర చదివినవాళ్లు పటం తెచ్చి చూపిస్తే, కొలత ఎంతో చెప్పే ముందు ఎక్కడ కొలిచారో చెప్పమనేదాన్ని. చెప్పలేకపోతే పటం తిప్పి పంపేసేదాన్ని.